ఖాళీ వదలకూడని గడి

"ఈ నంబరు ఎవరిదండీ?" అని అడిగింది కంప్యూటరావిడ. "తెలీదమ్మా" అన్నాడు అతను. ఆలోచించి ఆడిన అబద్ధం కాదు, తుమ్ములా వచ్చేసింది. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో అతను ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గుమాస్తా. వెనకాల అందరూ రూళ్ళకర్ర అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోతాడు కూడా. రూళ్ళకర్ర అబద్ధం ఆడింది. గోడ గడియారంలో నాలుగు దాటి రెండు నిమిషాలు. ఆవిడ తెరని అతనివైపు తిప్పింది. "చూడండి, పేర్ల వరస తీసేసి నంబర్ల వరసలో పేర్చాను. అన్నిటికీ తలో నంబరు ఉంది. ఇక్కడికొచ్చేసరికి నలభై మూడు బిల్డింగులకి ఒకటే ఫ్యాక్స్ నంబరు. అందరూ కలిసి ఒక మిషను కొనుక్కున్నారంటారా?" పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న సర్వీసు మేస్త్రీ అందుకున్నాడు. "మెట్ల మీద బల్బు కొనడానికే కలవరు తల్లీ వాళ్ళు, మిషనెక్కడ కొంటారు?" ఆవిడ నవ్వింది. అతను కూడా నవ్వాలి కాబట్టి నవ్వాడు. "ఐదింటికి ఇవన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తాను, ఎక్కించాక పాతది తుడిచేస్తాం. ఈలోగా అసలు నంబర్లు దొరికితే వెయ్యండి సార్. దొరక్కపోతే గడి ఖాళీగా వదిలెయ్యండి, కొత్తది ఏమీ అనదు" అని చెప్పి ఆవిడ మేనేజరు గదిలో మిషను చూడ్డానికి వెళ్ళింది.

ఏమీ అనదట. అతను తెర ముందు కూర్చున్నాడు. నలభై మూడు వరసలు, ఒకదాని కింద ఒకటి, అవే ఏడంకెలు. దూరం నుంచి చూస్తే కంచెకి పాతిన కర్రల్లా ఉన్నాయి. చదవక్కర్లేదు, చివర రెండు నాలుగులు, వాటి ముందు సున్నా. అతని ఇంట్లో వంటింటి గుమ్మం పక్కన ముక్కాలిపీట, దాని మీద గుడ్డ పరిచి ఆకుపచ్చ ఫోను, గుడ్డ అంచుకి భార్య కుట్టిన ఎర్రదారం. ఆ ఫోను అడుగున కాగితం ముక్క మీద అతనే పెన్నుతో రాసి అంటించిన నంబరు అది. ఆమె పోయాక నెల తిరక్కుండా ఆ కనెక్షను తీయించేశాడు. తీసుకుపోవడానికి వచ్చినవాడు వైరు చుట్టుకుంటూ "ఇంత బాగా తుడిచిన ఫోను ఇంతవరకు చూళ్ళేదండీ" అన్నాడు. అప్పుడు విసుక్కున్నాడు. ఫోను తుడవడం గొప్పా? ఇంట్లో తుడవడానికి ఇంకేం మిగలనట్టు రోజుకి మూడుసార్లు దాన్నే తుడిచేది. భయపడే వస్తువుని ఎవరైనా అంత శుభ్రంగా ఉంచుకుంటారా, లేక భయపడేవాళ్ళే అలా ఉంచుకుంటారా? ఇప్పుడు అడగడానికి ఎవరున్నారు?

ఆ అంకెలు అక్కడికెలా వచ్చాయో గుర్తు చేసుకోనక్కర్లేదు, వేళ్ళకే గుర్తుంది. సాఫ్ట్‌వేర్ వచ్చిన మొదటి ఏడాది. అట్టపెట్టెల్లో ఉన్న చీటీలన్నీ అందులోకి ఎక్కించమన్నారు. ఒక్కో బిల్డింగుకీ తెర మీద ఒక కార్డు, పేరు, సెక్రెటరీ, చిరునామా, ఫోను, ఫ్యాక్స్. ఫ్యాక్స్ గడి ఖాళీగా ఉంటే సాఫ్ట్‌వేర్ ఆ కార్డుని దాచుకోదు, ఎర్రగా మొహం పెట్టి ఠంగుమంటుంది. పెద్ద బిల్డింగులకి ఫ్యాక్సులున్నాయి. మూడంతస్తులు, నాలుగంతస్తుల వాటికి ఎక్కడ్నుంచి తేవాలి? సున్నాలు కొట్టి చూశాడు, ఒప్పుకోలేదు. ఒకటి రెండు మూడు నాలుగు కొట్టాడు, ఒప్పుకోలేదు, నిజంగా ఉండే వరసలో నంబరుంటే తప్ప మింగదు. వేరేవాడైతే మేనేజరుని అడిగేవాడు, లేదా పని పక్కన పెట్టేవాడు. అతను ఖాళీ వదల్లేడు. ఊళ్ళో బడిలో అలా నేర్పారు. బెత్తం పట్టుకుని వరసల మధ్య తిరిగే మాస్టారు తప్పు రాసినవాణ్ణి క్షమించేవాడు కానీ ఖాళీ వదిలినవాణ్ణి క్షమించేవాడు కాదు. తప్పు రాస్తే అరచేతి మీద ఒకటి, ఖాళీ వదిలితే వేళ్ళ కణుపుల మీద మూడు. "ఏదో ఒకటి రాయరా వెధవా, ఖాళీ కాగితం ఇవ్వడమంటే పెద్దవాళ్ళకి వీపు చూపించడం" అనేవాడు. ఇప్పటికీ ఏ ఫారం ఇచ్చినా అతని చెయ్యి ఆగదు, వర్తించదు అని రాయాల్సినచోట కూడా ఏదో ఒకటి రాస్తుంది. పోనీ ఎవరిదో ఒక నంబరు కొడదామనుకున్నాడు. మళ్ళీ మనసొప్పలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళ నంబరు పెడితే రేపు ఏ పొరపాటున ఫ్యాక్స్ వెళ్ళినా పాపం వాళ్ళకెందుకు ఇబ్బంది? మనదే పెడితే పోలా. అలా, ఒకరికి ఇబ్బంది కలగకూడదని, పరాయివాడి నిద్ర చెడకూడదని, తన ఇంటి నంబరు కొట్టాడు. కొట్టగానే కార్డు దాచుకుంది. మంచిపని చేసినవాడిలా రెండో కార్డు తీశాడు, మూడోది తీశాడు, నలభై మూడు తీశాడు. సాయంత్రానికి పెట్టె ఖాళీ అయింది. ఇంటికెళ్ళి "ఇవాళ చీటీలన్నీ ఎక్కించేశాను" అని చెప్పాడు కూడా. ఆమె "అలాగా" అంది. ఏం ఎక్కించాడో ఆమెకేం తెలుసు.

అప్పటికి ఫ్యాక్సులు చేత్తో పంపేవారు. ఏ బిల్డింగులో లిఫ్టు ఆపి పనిచేసినా ముందురోజు రాతపూర్వకంగా తెలియజెయ్యాలని నియమం. రేపు పది నుంచి ఒంటిగంట దాకా లిఫ్టు ఆగును, సహకరించగలరు. మిషనున్నవాళ్ళకి మిషన్లో, లేనివాళ్ళకి మెకానిక్కు చేతిలో. ఆరునెలల తర్వాత ఆ పని కూడా సాఫ్ట్‌వేరే చేస్తుందన్నారు, రోజూ పొద్దున పదకొండింటికి తనంతట తనే కార్డు చూసి నంబరు తిప్పి పంపుతుంది. అవతల ఫ్యాక్స్ పలక్కపోతే పావుగంటాగి మళ్ళీ, ఇంకో పావుగంటాగి మళ్ళీ. మూడుసార్లు. తర్వాత 'వెళ్ళలేదు' అని ఒక జాబితా అచ్చేసి ట్రేలోకి వదులుతుంది. ఆ జాబితాలో ఎప్పుడూ ఆ చిన్న బిల్డింగులే ఉండేవి. వాళ్ళకి మిషన్లు లేవని అందరికీ తెలుసు, కాగితం ఎలాగూ మెకానిక్కు ఇస్తాడు. వెళ్ళలేదంటే వెళ్ళకపోవడమే సరైనది. అందుకని దాన్ని ఎవరూ చదవలేదు. దారం గుచ్చి కట్టకట్టి బీరువాలో పెట్టేవాడు. ఎవరు? అతనే. ఏ నంబరుకి వెళ్ళలేదో ఆ కాగితం మీద ఉండేది. ఏడేళ్ళు దాన్ని అంచులు కలిపి, సరిగ్గా మధ్యకి రంధ్రం పొడిచి, దారం గుచ్చాడు. రంధ్రం వంకరపోయిందేమో చూసుకున్నాడు గానీ కాగితం మీద ఏముందో చూడలేదు.

"ఏమండీ, ఎవరో పిలుస్తున్నారండీ." మొదటిసారి ఆమె అలా అంది. అతను చొక్కా విప్పుతున్నాడు. "ఎవరు?" "తెలీదు. మాట్లాడరు. పీ... అంటుంది, ఆగుతుంది. నేను ఎవరమ్మా అంటే వింటున్నట్టు ఆగుతుంది. మళ్ళీ పీ... అంటుంది." "రాంగు నంబరై ఉంటుంది, పెట్టెయ్." "పెట్టేశా. పావుగంటకి మళ్ళీ వచ్చింది." వారం పోయాక, "ఏమండీ, ఇవాళ ఆరుసార్లు." రెండు బిల్డింగులు, మూడేసిసార్లు. ఇప్పుడు లెక్క ఎంత తేలిగ్గా వస్తోంది. అప్పుడు "నీకు పనిలేక" అన్నాడు. ఆమె ఫోను తీయకుండా ఉండలేదు, ఎందుకంటే వాళ్ళ పిల్ల అప్పుడు దూరంగా హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, హాస్టలు ఫోను పది నుంచి పన్నెండు దాకే దొరికేది. ఏ మోతలో పిల్ల ఉందో ఏ మోతలో లేదో ఎత్తితే గానీ తెలియదు. "పిల్లే చేస్తోందేమోనండీ, దానికి గొంతు రావట్లేదేమో. నోరు మూసేశారేమో." "ఎవరు మూస్తారు?" "నాకేం తెలుసు? అలా ఉంటుంది ఆ చప్పుడు, నోరు మూసినట్టుంటుంది." ఆఫీసులో ఫ్యాక్స్ మిషను గోల అతనికి తెలుసు, రెండు మిషన్లు కలిసినప్పుడు పిల్లులు కొట్టుకున్నట్టు అరుస్తాయి. కానీ కంప్యూటరు నోరెత్తకుండా పంపుతుంది, అవతలివాడి చెవిలో అది చేసే ఒంటి చప్పుడు అతనెప్పుడూ వినలేదు. వినకపోవడం తప్పు కాదు. ఆ ఒక్క ముక్కా తన పక్షాన రాసుకోవచ్చు. తర్వాత ఇంకేం రాసుకోవాలో కనపడలేదు. ఆమె పిల్ల పాత నోటుపుస్తకంలో రాసి చూపించింది. సోమవారం పదకొండు, పదకొండుంపావు, పదకొండున్నర. మంగళవారం పదకొండు, పదకొండుంపావు, పదకొండున్నర. నాలుగు పేజీలు. రోజూ పదకొండింటికి ఏం జరుగుతుందో ఈ భూమ్మీద తెలిసినవాడు ఒకడే, వాడి చేతిలోనే ఆ పుస్తకం పెట్టింది. వాడు చూసి, "అక్షరాలు గీత మీద నిలబడట్లేదు, చెయ్యి వణుకుతోందా?" అన్నాడు.

సెలవు రోజు వచ్చేది కాదు. పండక్కి వచ్చేది కాదు. అతను జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న రెండురోజులూ రాలేదు, ఎందుకంటే అతను లేనిరోజు నోటీసులు తయారుచేసి కంప్యూటర్లో పెట్టేవాడు లేడు. "చూశావా, నేనుంటే రాదు" అన్నాడు గెలిచినవాడిలా. ఆమె కింద పెదవి లోపలికి లాక్కుని, "అవునండీ, మీరుంటే రాదు" అంది. ఆ మాటే డాక్టరుకి చెప్పాడు. మనసు జబ్బుల డాక్టరు, బల్ల మీద గాజు పలక, దాని కింద ఎవరివో పిల్లల ఫొటోలు. "ఇంట్లో ఇంకొకరున్నప్పుడు వినిపిస్తుందా?" "లేదండీ, ఒక్కతీ ఉన్నప్పుడే." "ఆ చప్పుడుతో మాట్లాడతారా?" ఆమె అమాయకంగా, "మాట్లాడతానండీ, నేను మాట్లాడితే ఆగి వింటుంది" అంది. అంతే, డాక్టరు తల పంకించి రాసుకున్నాడు. ఆమె నోటుపుస్తకం కూడా ఫైల్లో పెట్టుకున్నాడు, జబ్బుకి సాక్ష్యంగా. ఎవరైనా ఫోనుల వాళ్ళని అడిగారా అని డాక్టరు అడగలేదు. ఆమె ఒక్కతే అంది, ఆటోలో వస్తుంటే. "ఫోనులాఫీసులో ఒక్కసారి చెప్పి చూడకూడదటండీ?" "చెప్పి నా పరువు తీసుకోనా? మా ఆవిడకి ఫోన్లో మూగ దెయ్యం వినిపిస్తోందని చెప్పనా?" అన్నాడు. ఆటోవాడు నవ్వాడు. ఆటోవాడు నవ్వినందుకు అతనికి కొంచెం గర్వంగా కూడా అనిపించింది, మాట బాగా పడిందని. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆమె రోడ్డువైపు తిరిగి కూర్చుంది. పొద్దున తెల్లమాత్ర, రాత్రి పసుపుమాత్ర. నెల తిరిగేసరికి నాలుక మొద్దుబారింది, కప్పులు జారేవి, నడుస్తూ గోడ పట్టుకునేది. మూడోనెల నుంచి ఫోను సంగతి ఎత్తడం మానేసింది. "పనిచేస్తోంది మందు" అన్నాడు డాక్టరు. "పనిచేస్తోంది" అని అతను పిల్లకి ఉత్తరం రాశాడు. నాలుగేళ్ళు పనిచేసింది. ఒకరోజు సాయంత్రం అతనొచ్చేసరికి ముక్కాలిపీట పక్కన నేల మీద ఉంది, గోడకి జారబడి, నిద్రపోతున్నట్టు. గుండె ఆగిందన్నారు, మధ్యాహ్నం ఎప్పుడో అయి ఉంటుందన్నారు. మాత్రలకీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

పావు తక్కువ ఐదు కావస్తోంది. మేస్త్రీ కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. ఇంకో పావుగంట అతను నోరెత్తకుండా కూర్చుంటే చాలు. నలభై మూడూ ఒక్కసారి పట్టుకుని మీట నొక్కితే గళ్ళు ఖాళీ అవుతాయి, ఐదింటికి పాతది తుడుచుకుపోతుంది, ఈ లోకంలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. బీరువాలో కట్టలు పోయిన ఏడాదే చెత్తకి పోయాయి. చచ్చినవాళ్ళు అడగరు. చచ్చినవాళ్ళ సంగతైతే అతను నొక్కేసేవాడే, తన గురించి అంతమాత్రం తెలుసు తనకి. కానీ ఇవాళ ఆరింటికి పిల్లని అత్తవారు మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారు. అయిదో నెల. ఆసుపత్రి ఫారంలో, ఇంట్లో ఎవరికైనా మతిస్థిమితం తప్పిందా అన్న గడి దగ్గర, తల్లికి అని రాసింది పిచ్చిపిల్ల, ఖాళీ వదలకుండా. అది ఎవరి కూతురు మరి. అప్పటి నుంచి అత్తగారు దాని మొహం వంకే చూస్తోందట, గిన్నె చప్పుడైతే చాలు ఉలిక్కిపడిందేమోనని. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, భయస్తులు. పిల్ల ఇంకా భయస్తురాలు. పోయిన ఆదివారం ఫోన్లో అడిగింది. "నాన్నా, అమ్మకి అసలు ఎలా మొదలైంది? సరిగ్గా చెప్పు." "ఇప్పుడెందుకే అవన్నీ?" "నాకు రాత్రిళ్ళు ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తోంది. వినిపించగానే ఈయన్ని లేపి నీకూ వినిపిస్తోందా అని అడుగుతున్నా. రోజూ లేపితే ఏమనుకుంటారు?" "ఫ్రిజ్ చప్పుడు అందరికీ వినిపిస్తుందమ్మా." "అమ్మకి కూడా మొదట ఫోనే కదా వినిపించింది? అదీ అందరికీ వినిపించేదే కదా?" దానికి అతను ఏదో అన్నాడు. ఏమన్నాడో గుర్తులేదు, గుర్తుంచుకోదగ్గది కాదు. కడుపులో బిడ్డ ఉండగా ఆ మాత్రలు వాడొచ్చో కూడదో, వాడితే బిడ్డకేమవుతుందో, వాడకపోతే దానికేమవుతుందో ఇవాళ ఆరింటికి తేలుస్తారు. ఇంతకీ ఉంచుకోవాలో వద్దో కూడా అడుగుతారేమో అని వియ్యపురాలు అంది, గొంతు తగ్గించి. తెల్లమాత్ర, పసుపుమాత్ర. అతనికి ఆ సీసా మూత తిరిగే చప్పుడు తెలుసు.

పంపినవాటి పట్టీ అని ఒకటి ఉంటుందని ఇందాక ఆవిడ చూపించింది. ఏ నంబరుకి ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎత్తారా లేదా, ఎన్ని సెకన్లు. అతను ఏడంకెలు కొట్టి వెతకమన్నాడు. వచ్చాయి. కిందికి లాగుతుంటే ఆగలేదు, వేలకొద్దీ వరసలు. మొదట్లో, ఎత్తారు, ఆరు సెకన్లు. ఎత్తారు, నాలుగు సెకన్లు. ఎత్తారు, తొమ్మిది. విసుగ్గా పెట్టేసిన చెయ్యి అది, ఇంకా వణకని చెయ్యి. కొన్ని నెలలు పోయాక, ఇరవై. ముప్ఫై ఒకటి. ఎవరమ్మా అని అడిగే సెకన్లు. తర్వాత యాభై అయిదు. యాభై అయిదంటే సాఫ్ట్‌వేర్ విసిగి తనే పెట్టేసేది, అవతలివాళ్ళు పెట్టలేదన్నమాట. మాత్రలు మొదలుపెట్టిన తేదీ అతనికి తెలుసు, వెతికి చూశాడు. యాభై అయిదు, యాభై అయిదు, యాభై అయిదు. మూడోనెల, ఆమె ఆ మాట ఎత్తడం మానేసిన నెల, డాక్టరు తల పంకించిన నెల. యాభై అయిదు, యాభై అయిదు. ఏమీ మారలేదు. ఒక్క రోజు మానలేదు. చెప్పడం మానేసింది, అంతే. నాలుగేళ్ళు, సెలవులు పోగా రోజూ, ఆకుపచ్చ ఫోను చెవికి ఆనించుకుని చివరిదాకా విన్నది, పిల్లకి నోరు మూసేశారేమోనని, ఇవాళైనా మాట వస్తుందేమోనని. సాయంత్రం అతనికి మంచినీళ్ళిచ్చి, "ఇవాళ బానే ఉందండీ" అనేది. ఆఖరి తేదీ కూడా తెలుసు అతనికి. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాడు. పదకొండు, ఎత్తారు, యాభై అయిదు సెకన్లు. పదకొండుంపావు, ఎవరూ ఎత్తలేదు. పదకొండున్నర, ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఏమీ లేదు, అతను ఆఫీసుకి రాని రోజు. మధ్యాహ్నం ఎప్పుడో అన్నారు అందరూ. మధ్యాహ్నం కాదు. మూడేళ్ళుగా అతనికి తెలియని వేళ ఈ మిషనుకి తెలుసు. నేల మీద జారబడిన మనిషి పక్కన ఆ ఫోను ఇంకో రెండుసార్లు మోగింది, మోగించింది అతనే. ఆ పదకొండున్నరకి అతనేం చేస్తున్నాడు? టీ తాగుతూ ఉండి ఉంటాడు. కాగితానికి రంధ్రం పొడుస్తూ ఉండి ఉంటాడు.

అతను ఏడవలేదు. ఏడిచే హక్కు ఒకటుంటుంది, అది తనకి లేదని అనిపించింది. మేనేజరు తలుపు తీసి తొంగిచూసి, "అయిపోయాయా? ఆవిడ అయిదింటికి ఎక్కించాలట" అన్నాడు. "అయిపోవచ్చాయండీ." ముప్ఫై ఒక్క ఏళ్ళలో తను తప్పు చేశానని ఈ గదిలో ఒక్కసారి అనలేదు అతను. ఇంట్లోనూ అనలేదు. తను సరి అనుకున్నప్పుడల్లా ఎదుటివాళ్ళ తప్పు వెతికి పట్టుకునేవాడు, అదే న్యాయం అనుకునేవాడు. పిల్లకి చెప్తే ఏమవుతుంది? పిల్లకి ధైర్యం వస్తుంది. తండ్రి పోతాడు. ఉన్నది ఒక్క పిల్ల, వారానికి ఒక ఫోను, ఆ ఫోనులో తిన్నావా నాన్నా అనే ఒక్క మాట. అది పోతుంది. చెప్పకపోతే, సీసా మూత. ఇంత సేపు ఆలోచించాల్సిన లెక్కా ఇది? ఆలోచిస్తున్నాడు, అంటే తూచి చూస్తున్నాడు, అంటే తన వారపు ఫోను ఒక పళ్ళెంలో పెట్టి పిల్లని ఇంకో పళ్ళెంలో పెట్టాడన్నమాట. అది గమనించుకుని లేచాడు. మోకాలు బల్లకి తగిలింది, తగలనిచ్చాడు.

కంప్యూటరావిడ తిరిగొచ్చింది. "దొరికాయా సార్?" "ఆ నంబరు మా ఇంటిదమ్మా. నేనే పెట్టాను." ఆవిడ నవ్వబోయి అతని మొహం చూసి ఆగింది. "పోనీలెండి, తీసేద్దాం, నిమిషం పని." "తీసేముందు ఈ పట్టీ మొత్తం కాగితం మీద కావాలి." "మొత్తమా? చాలా పేజీలొస్తాయండీ." "రానీ." ఆవిడ మిషన్లో కాగితం నిండా పెట్టింది. పేజీలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే అతను ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాడు. అయిదుకి ఆరు నిమిషాలుంది.

"నాన్నా, బయల్దేరుతున్నాం. తర్వాత మాట్లాడతాలే" అంది పిల్ల. "ఆగు. అమ్మకి వినిపించింది నిజం." "ఏంటీ?" చెప్పాడు. గడి సంగతి చెప్పాడు, తమ నంబరు సంగతి, పదకొండు గంటల సంగతి, సెకన్ల సంగతి. అతనికి ఎప్పుడూ వరసగా చెప్పడం అలవాటు, ఇది కూడా వరసగానే చెప్పాడు. "నీకెప్పుడు తెలిసింది?" అంది పిల్ల. "ఇవాళే." "ఇవాళ ఎప్పుడు?" "నాలుగింటికి." "ఇప్పుడు అయిదవుతోంది." "అవును." "గంట సేపు ఏం చేశావు?" అతను మెట్ల కమ్మీ పట్టుకున్నాడు. దీనికి ఏదో ఒకటి చెప్పచ్చు. పట్టీ చూస్తున్నానని చెప్పచ్చు, అది అబద్ధం కాదు కూడా. చెప్పలేదు. ఆ ప్రశ్నని ఖాళీగా వదిలేశాడు. పిల్ల, "ఉండు, స్పీకర్లో పెడుతున్నా. అత్తయ్యగారున్నారు, ఈయనున్నారు. మళ్ళీ చెప్పు. మొదట్నుంచి" అంది.

మళ్ళీ చెప్పాడు. ఈసారి వరస కుదరలేదు. గడి ముందు చెప్పాలో ఫోను ముందు చెప్పాలో తెలియక మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వియ్యపురాలు మధ్యలో, "అన్నయ్యగారూ, నాకు సరిగ్గా అర్థం కాలేదు, ఏమనుకోకండి. అంటే వదినగారికి జబ్బు లేదన్నమాటేనా?" అంది. "లేదమ్మా." "మొదట్నుంచీ లేదా?" "మొదట్నుంచీ లేదు." "మరి ఆ మాత్రలు?" "నేను వేయించాను." అల్లుడు, "మావయ్యగారూ, ఆ కాగితాలున్నాయా మీ దగ్గర?" అన్నాడు. "వస్తున్నాయి బాబూ, అచ్చవుతున్నాయి." అప్పుడు పిల్ల ఫోను చేతిలోకి తీసుకుంది, స్పీకరు ఆగిన చప్పుడు వినిపించింది. గొంతు దగ్గరగా వచ్చింది, కానీ అది అతనికి తెలిసిన గొంతులా లేదు, ఎవరో పనిమీద మాట్లాడుతున్నట్టుంది. "ఆరింటికి. చిరునామా పంపుతా. కాగితాలు పట్టుకుని వచ్చి బయట కూర్చో. పిలిచినప్పుడు లోపలికి రా, డాక్టరుకి ఇదే చెప్పు. చెప్పి వెళ్ళిపో. ఇంటికి రావద్దు." "అలాగే." "వచ్చేవారం ఫోన్ కూడా వద్దు. నేను చెయ్యాలనిపిస్తే చేస్తా." "అలాగేనమ్మా" అన్నాడు. ఇంకొక మాట ఉంది నోటిదాకా వచ్చి, దాన్ని మింగాడు. క్షమించమంటే అదీ తన కోసమే అవుతుంది.

పిల్ల ఫోను పెట్టేసే ముందు ఒక్క క్షణం ఆలస్యం అయింది, మీట దొరకలేదేమో. ఆ క్షణంలో ఆమె ఎవరితోనో అంది, "మా అమ్మకి ఏమీ లేదు" అని. భర్తతో అన్నట్టు లేదు, అత్తగారితో అన్నట్టు లేదు. ముందు మెల్లగా, నీళ్ళ లోతు చూడ్డానికి కాలు పెట్టినట్టు అంది. తర్వాత రెండోసారి, గట్టిగా అంది.